దేవుని లక్షణాల జాబితాలో సౌందర్యం ఎందుకు కనిపించదు?

మీరు ఒక ప్రశ్న అన్నారు గాని అందులో మూడున్నాయి. దేవుని గుణలక్షణాలను బోధించే పుస్తకాల్లో పరిశుద్ధత, న్యాయం, ప్రేమ, సర్వశక్తి అన్నీ ఉంటాయి గాని సౌందర్యం ఎందుకు ఉండదు అన్నది మొదటిది. దేవుడు ఆత్మ, ఆయనకు రూపం లేదు, రూపం లేనివానికి అందం ఎక్కడిది అన్నది రెండవది. "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అని యెషయా 53:2 అంత స్పష్టంగా చెబుతుంటే క్రీస్తును సుందరుడని ఎలా పిలుస్తాం అన్నది మూడవది. చివర్లో కాస్త మొహమాటపడుతూ ఇంకో మాట చేర్చారు. మీ పక్కింటివాళ్లు తమ దేవుణ్ణి పాదాల నుంచి కిరీటం దాకా వర్ణిస్తూ పాడుకుంటుంటే, మన ఆరాధనలో అలాంటి వర్ణన లేక వెలితిగా ఉంటుందని, సండేస్కూలు పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదని. ఆ మొహమాటం అక్కరలేదు. అన్నింటిలోకీ నాకు నచ్చిన ప్రశ్న అదే. ముప్పై ఏళ్లకు పైగా సిద్ధాంత పాఠం చెప్పాను. ఈ వెలితిని ఇంత సూటిగా బయటపెట్టిన విద్యార్థులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే.

ముందు మన తెలుగు బైబిలు తెరవండి, కీర్తన 27:4. "యెహోవా ప్రసన్నతను చూచుటకును ఆయన ఆలయములో ధ్యానించుటకును" జీవితకాలమంతా మందిరంలో ఉండాలని దావీదు కోరుకుంటాడు. చాలా ఇంగ్లీషు బైబిళ్లలో ఇదే చోట అందం అనే అర్థమిచ్చే మాట ఉంటుంది. దేవుని సౌందర్యం గురించి ఇంగ్లీషులో వచ్చిన ప్రసంగాలు చాలావరకు ఈ వచనం మీద లేచిన మేడలే. మన అనువాదకులు మాత్రం సౌందర్యం అనలేదు, ప్రసన్నత అన్నారు. హెబ్రీ మూలంలో ఉన్నది నోఅమ్. మధురంగా, మనసుకు హాయిగా ఉండడం అని దాని అర్థం. రూతు గ్రంథంలోని నయోమి పేరు ఆ ధాతువు నుంచి వచ్చిందే. అందుకే ఆమె బేత్లెహేముకు తిరిగి వచ్చాక "నన్ను నయోమి అనక మారా అనుడి" అంటుంది. మధురం అనే పేరు వద్దు, చేదు అని పిలవండి అని.

ప్రసన్నత అన్న మాటను మనం ఊరికే దాటేస్తాం, గాని ఎంత బరువైన మాట అది! నీళ్లకు వాడితే తేటదనం. ముఖానికి వాడితే దయ. దేవుడు ప్రసన్నుడయ్యాడంటే ఆయన అందంగా తయారయ్యాడని ఎవరూ అనుకోరు, కరుణించాడని అనుకుంటారు. వెలుగూ తేటదనమూ అనుగ్రహమూ కలిసి ఒకే మాటలో ఉన్నాయి. పైగా ఆ కీర్తన ప్రశాంతంగా తోటలో కూర్చుని రాసింది కాదు. చుట్టూ శత్రువులు, తల్లిదండ్రులు కూడా విడిచిపెట్టవచ్చన్న భయం, నీ ముఖం దాచుకోవద్దన్న వేడుకోలు. ఆ స్థితిలో ఉన్న మనిషి చూడాలనుకున్నది కంటికింపైన దృశ్యాన్ని కాదు, తనవైపు తిరిగిన ముఖాన్ని. దేవుని సౌందర్యం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ మాటలోనే ఇమిడి ఉంది. మిగతాది దీన్ని విప్పడమే.

ఇక జాబితా సంగతి. మన సంఘాల్లో చాలామంది తెలియకుండానే వాడే నిర్వచనం 1647లో తయారైన వెస్ట్‌మినిస్టర్ లఘు ప్రశ్నోత్తరిలోని నాలుగో ప్రశ్నకు జవాబు. దేవుడు ఆత్మ, తన అస్తిత్వంలో, జ్ఞానంలో, శక్తిలో, పరిశుద్ధతలో, న్యాయంలో, మంచితనంలో, సత్యంలో ఆయన అనంతుడు, నిత్యుడు, మార్పులేనివాడు. చక్కని జవాబు, కంఠతా పట్టదగినది. అందులో సౌందర్యం లేదు. అయితే అదే ప్రశ్నోత్తరిలో మొదటి జవాబు చూడండి. మనిషి ముఖ్యోద్దేశం దేవుణ్ణి మహిమపరచడం, నిత్యం ఆయనయందు ఆనందించడం అంటుంది. ఆనందించాలంటే ఆ దేవునిలో ఆనందింపజేసేది ఏదో ఉండాలి కదా? మొదటి జవాబులో వాకిట నిలబెట్టిన అతిథిని నాలుగో జవాబులో లోపలికి పిలవడం మరిచిపోయారు.

మరిచిపోవడానికి కారణం లేకపోలేదు. "అందము మోసకరము, సౌందర్యము వ్యర్థము" అని సామెతలు 31:30 చెబుతుంది. యెహెజ్కేలు 28లో తూరు రాజు తన సౌందర్యం చూసుకునే గర్వించి పడిపోయాడు. విగ్రహాలు చేసుకోవద్దన్న రెండవ ఆజ్ఞ ఉండనే ఉంది. సంస్కరణోద్యమ కాలం నుంచి ప్రొటెస్టెంటు బోధకులకు అందం అంటే అనుమానం. విగ్రహం వెనకాలే వస్తుందని భయం. ఆ భయాన్ని నేను తీసిపారేయను. కాని దాని వల్ల జరిగిన నష్టం కూడా తక్కువది కాదు.

ఏమిటా నష్టం? యాకోబు 2:19 గుర్తు చేసుకోండి: దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయి. నాలుగో ప్రశ్నకు జవాబు దయ్యాన్ని అడిగితే ఒక్క మాట పొల్లుపోకుండా ఒప్పుకుంటుంది. దేవుడు శక్తిమంతుడా? అవును. పరిశుద్ధుడా? అవును. న్యాయవంతుడా? అందుకే కదా వణుకుతోంది. మరి దానికి లేనిదేమిటి? ఈ విషయాన్ని 18వ శతాబ్దంలో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ పాస్టరు జొనాథన్ ఎడ్వర్డ్స్ పట్టుకున్నంత గట్టిగా ఇంకెవరూ పట్టుకోలేదు. 1734లో అచ్చయిన ఒక ప్రసంగంలో ఆయన తేనె సంగతి చెబుతాడు. తేనె తియ్యగా ఉంటుందని నమ్మడం వేరు, నాలుక మీద ఆ తీపి తగలడం వేరు. అలాగే దేవుడు పరిశుద్ధుడని అభిప్రాయం కలిగి ఉండడం వేరు, ఆ పరిశుద్ధత ఎంత మనోహరమో హృదయానికి తెలియడం వేరు. దేవుని బలం, మహత్తు చూసి ఎవరైనా బెదరవచ్చు; ఆయన పరిశుద్ధతలోని అందం కనిపించినవారే ఆయనను ప్రేమించగలరు అంటాడు. 1746 నాటి ఆయన గ్రంథంలో ఇంకా ముందుకు వెళ్లి, దేవుణ్ణి మిగతా అన్నింటి నుంచీ వేరుచేసి నిలబెట్టేది ప్రధానంగా ఆయన దివ్య సౌందర్యమే అంటాడు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పి తీరాలి. ఇంత రాసిన ఎడ్వర్డ్స్ 1731లో న్యూపోర్టుకు వెళ్లి వీనస్ అని పేరు పెట్టిన ఒక నల్లజాతి బాలికను బానిసగా కొన్నాడు. కొనుగోలు పత్రం ఇప్పటికీ ఉంది. రోమీయుల సౌందర్య దేవత పేరు ఆ పిల్లకు! క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా గది నిశ్శబ్దమైపోయేది. దేవుని అందం గురించి గొప్పగా రాయడం, పక్కనున్న మనిషిలో ఆయన స్వరూపాన్ని చూడడం ఒకటే అయిపోవు. ఎడ్వర్డ్స్‌ను చదవండి, గాని ఇది మరిచిపోయి చదవకండి.

ఇప్పుడు రెండో ప్రశ్న. నిజమైన చిక్కు ఇక్కడే ఉంది, అందుకని కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

"అందమైన మనసు", "చక్కటి మాట" అని మనమే అంటాం. మనసుకూ మాటకూ ముక్కూ కళ్లూ లేవు. కాబట్టి రూపం లేనిదానికి అందం ఉండవచ్చునన్న పాటి జవాబు ఎవరైనా ఇస్తారు. అది సరిపోదు. ప్రాచీన గ్రీకుల కాలం నుంచి అందం అంటే భాగాల మధ్య పొందిక అన్న నిర్వచనం పాతుకుపోయింది. విగ్రహంలో తలకూ మొండేనికీ, పాటలో స్వరానికీ స్వరానికీ, స్తంభానికీ దూలానికీ మధ్య కుదురు. క్రైస్తవ సిద్ధాంతమేమో దేవుడు భాగాల కూర్పు కాడని చెబుతుంది. ఆయన నిరవయవుడు. కొంత జ్ఞానం, కొంత ప్రేమ, కొంత శక్తి కలిపి చేసిన మిశ్రమం కాడు. ఆయనకు ప్రేమ ఉంది అనడం కంటే ఆయనే ప్రేమ అనడం సరైన మాట. మరి భాగాలే లేని చోట పొందిక ఎక్కడిది? పొందిక లేని చోట అందం ఎక్కడిది?

ఈ ముడిని మొదట సడలించినవాడు క్రైస్తవుడు కాడు, 3వ శతాబ్దపు తత్వవేత్త ప్లొటైనస్. పొందికే అందమైతే కూర్పులకే గాని విడిగా ఉన్నదేదానికీ అందం ఉండకూడదు, మరి సూర్యకాంతి మాటేమిటి, బంగారం మాటేమిటి, రాత్రి మెరిసే మెరుపు మాటేమిటి అని అడిగాడు. క్రీ.శ. 500 ప్రాంతంలో, బహుశా సిరియాలో, డయొనీసియస్ అన్న మారుపేరుతో రాసిన ఒక సన్యాసి ఆ దారినే నడిచి, సౌందర్యాన్ని దేవుని నామాలలో ఒకటిగా లెక్కపెట్టాడు. గ్రీకులో అందాన్ని కల్లోస్ అంటారు, పిలవడాన్ని కలేయిన్ అంటారు. అన్నింటినీ తనవైపు పిలుస్తుంది గనుకనే దానికి ఆ పేరు అని ఆయన శ్లేష. భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోరు గాని భక్తులు ఒప్పుకుంటారు.

ఇక 13వ శతాబ్దపు దైవశాస్త్రవేత్త థామస్ అక్వినాస్. తన మహాగ్రంథం మొదటి భాగంలో దేవుని మంచితనానికి విడిగా ప్రశ్నలు కేటాయించినవాడు సౌందర్యానికి ఒక్కటీ కేటాయించలేదు. దాని గురించి అసలు మాట ఎక్కడో త్రిత్వాన్ని వివరించే 39వ ప్రశ్నలో, అదీ ఎనిమిదో అంశంలో దొరుకుతుంది. అందానికి మూడు కావాలంటాడు: సమగ్రత, తగిన పొందిక, ప్రకాశం. ఈ మూడూ కుమారునికి ఎలా చెల్లుతాయో చూపిస్తాడు. తండ్రి స్వభావం ఏ లోటూ లేకుండా ఆయనలో ఉంది గనుక సమగ్రత. తండ్రికి ఆయన సరిగ్గా సరిపోయే ప్రతిరూపం గనుక పొందిక. ఆయన వాక్యం, వెలుగు గనుక ప్రకాశం.

ఆ మధ్యది చూడండి. హెబ్రీయులకు 1:3 కుమారుణ్ణి దేవుని "తత్వముయొక్క మూర్తిమంతము" అంటుంది. గ్రీకులో ఆ మాట కరక్టేర్, అంటే ముద్ర కొట్టినప్పుడు పడే అచ్చు. కొడుకును చూసి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏమంటారు? "అచ్చు గుద్దినట్టు తండ్రి పోలికే" అంటారు. అపొస్తలిక కాలపు రచయిత వాడిన ఉపమానం తెలుగు ముసలమ్మ నోట దానంతటదే వస్తుంది. ఇలాంటివి కనబడినప్పుడు సిద్ధాంత పాఠం చెప్పడం ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను.

అక్వినాస్ ఆ చర్చను దేవుని స్వభావం కింద గాక త్రిత్వం కింద పెట్టడం యాదృచ్ఛికం అనుకోను. చిక్కు విడిపోయేది అక్కడే. దేవునిలో భాగాలు లేవు, నిజమే. కాని సంబంధాలున్నాయి. తండ్రి దేవునిలో మూడో వంతు కాడు, కుమారుడూ కాడు, ఆత్మా కాడు. ప్రతి ఒక్కరూ సంపూర్ణంగా దేవుడే. అయినా తండ్రి కుమారుణ్ణి కంటాడు, కుమారుడు తండ్రిని ప్రేమిస్తాడు, ఆత్మ ఆ ప్రేమై ఉన్నాడు. ముక్కల మధ్య కుదిరే పొందిక కాదిది. ముక్కలు లేని ఒకే జీవంలో నిత్యం సాగే ఇచ్చిపుచ్చుకోవడం. ఎడ్వర్డ్స్ దీన్నే ఇంకోలా అన్నాడు: ఒక్కటే ఒంటరిగా ఉంటే అది శ్రేష్ఠం కాజాలదు, ఎందుకంటే అక్కడ ఒకరికొకరు ఇచ్చుకునే సమ్మతి ఉండదు. ఆయన లెక్కలో మొదటి తరగతి సౌందర్యం ప్రేమ. పువ్వు రేకుల్లోనూ పాటలోనూ కనిపించే పొందిక దాని నీడ, రెండో తరగతిది.

ఈ మాట విని ముగ్గురు స్నేహితులు ఒక చోట సామరస్యంగా ఉన్న బొమ్మ ఊహించుకోకండి. అది ముగ్గురు దేవుళ్ల బొమ్మ. పరీక్షల్లో ఈ బొమ్మ గీసిన జవాబుపత్రాలు లెక్కలేనన్ని దిద్దాను.

ఇంతకీ సౌందర్యాన్ని సిద్ధాంతంలో ఏ గదిలో పెట్టాలి? గత శతాబ్దంలో ఇద్దరు స్విట్జర్లాండువాళ్లు దీని మీద రెండు దారులు పట్టారు. ప్రొటెస్టెంటు కార్ల్ బార్త్ 1940లో వచ్చిన సంపుటంలో సౌందర్యాన్ని మహిమ కింద పెట్టాడు. దేవుని మహిమ బలంతో లొంగదీసుకుంటుందని మాత్రమే చెప్పి ఊరుకుంటే ముఖ్యమైనది వదిలేసినట్టే. అది ఆనందం కలిగిస్తుంది, కోరిక రేపుతుంది, మెప్పించి గెలుచుకుంటుంది, ఆ సంగతి చెప్పడానికే అందం అన్న మాట కావాలి అన్నాడు. కాని దాన్ని ప్రధాన సూత్రం చేయవద్దని హెచ్చరించాడు. కాథలిక్కు హాన్స్ ఉర్స్ ఫాన్ బాల్తసార్ 1961లో మొదటి సంపుటం తెచ్చి, ఏకంగా సౌందర్యంతోనే దైవశాస్త్రాన్ని మొదలుపెట్టాడు. అందం పోయిన లోకంలో మంచితనం కూడా తన ఆకర్షణను పోగొట్టుకుంటుంది, మంచే ఎందుకు చేయాలి, చెడు ఎందుకు చేయకూడదు అన్న ప్రశ్నకు జవాబు దొరకదు అన్నది ఆయన బాధ.

బాల్తసార్ బాధ నాకు అర్థమవుతుంది, కాని నేను బార్త్ పక్షాన ఉంటాను. జాబితాలో పరిశుద్ధత తర్వాత కామా పెట్టి సౌందర్యం అని చేర్చితే పని అయిపోదు. ఆయన న్యాయం ప్రసన్నమైన న్యాయం. ఆయన శక్తి ప్రసన్నమైన శక్తి. జాబితాలోని ప్రతి మాట మీదా పడే వెలుగు అది. దీపాన్ని గదిలోని సామాన్లలో ఒకటిగా లెక్కరాయవచ్చు, తప్పు లేదు. కాని మిగతా సామాను కనబడుతున్నది దానివల్లనే అన్న సంగతి ఆ లెక్కలో ఎక్కదు. నిర్గమకాండము 33లో మోషే "నీ మహిమను చూపుము" అని అడిగితే దేవుడిచ్చిన జవాబు గమనించండి: "నా మంచితనమంతయు నీ యెదుట కనుపరచెదను". మహిమ అడిగినవానికి మంచితనం చూపించాడు. కొత్త నిబంధన గ్రీకులో కలోస్ అన్న ఒకే మాట మంచికీ అందానికీ చెల్లుతుంది. "మంచి కాపరి"లో ఉన్నది ఆ మాటే. ఆదికాండము మొదటి అధ్యాయపు ప్రాచీన గ్రీకు అనువాదంలో దేవుడు చేసినవన్నీ చూసి మంచివని చెప్పిన చోటా ఆ మాటే.

ఇక యెషయా 53. తొలి శతాబ్దాల సంఘ పితరులకు కూడా ఇది తలనొప్పే. ఒక చేతిలో "నరులకంటె నీవు అతిసుందరుడవై యున్నావు" అన్న కీర్తన 45:2, రెండో చేతిలో సురూపమైనా సొగసైనా లేదన్న యెషయా. యేసు చూడడానికి బాగుండేవాడా కాదా అన్న వాదాలు కూడా నడిచాయి. నన్నడిగితే అది పనికిమాలిన వాదం. సువార్తికులు నలుగురిలో ఒక్కరూ ఆయన ముఖం ఎలా ఉండేదో రాయలేదు. అంటే వాళ్లకు ఆ వివరం అక్కరలేకపోయింది.

ఆ పితరుల్లో ఆగస్టీన్ మాత్రం రెండు వచనాలనూ విడదీయకుండా పట్టుకున్నాడు. 45వ కీర్తన మీద చేసిన వ్యాఖ్యానంలో, క్రీస్తు పరలోకంలో సుందరుడు, భూమి మీద సుందరుడు, గర్భంలో, తల్లి చేతుల్లో, అద్భుతాలలో, కొరడా దెబ్బలలో సుందరుడు, సిలువ మీద సుందరుడు, సమాధిలో సుందరుడు అంటూ వరసపెట్టి చెబుతాడు. ఇంకో ప్రసంగంలో, క్రీస్తు కురూపమే నీకు రూపమిస్తుంది, ఆయన కురూపి కావడానికి ఒప్పుకోకపోతే నీవు పోగొట్టుకున్న రూపం నీకు తిరిగి వచ్చేది కాదు అంటాడు. సిలువ అందమైన వస్తువు అని దీని అర్థం కాదు. బంగారు గొలుసుకు వేలాడదీసి మనం దాన్ని ముద్దుగా మార్చుకున్నాం గాని, రోమా ప్రభుత్వం మనుషులను బహిరంగంగా చిత్రహింస పెట్టిన కొయ్య అది. హింసలో అందం లేదు. ఎవరైనా ఉందంటే, బాధపడుతున్న స్త్రీకి "సహించు, ఇదే నీ సిలువ" అని చెప్పే బోధకుల చేతికి ఆయుధం ఇచ్చినట్టే. అందం ఉన్నది అంత హింస కూడా చెరపలేకపోయిన ప్రేమలో. వికారమైన ముఖం మీద కూడా ప్రసన్నత చెరగలేదు: తండ్రీ, వీరిని క్షమించు అన్నది ఆ ముఖమే. యోహాను 12:32లో ప్రభువు "అందరిని నాయొద్దకు ఆకర్షించుకొందును" అన్నది ఎత్తైన కొండ మీద వెలిగినప్పటి గురించి కాదు, కొయ్య మీదికి ఎత్తబడే వేళ గురించి. ఆకర్షణ అన్న మాట ఎక్కడ పడిందో చూశారా?

ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అన్సెల్మ్. దేవుడు మనిషి ఎందుకయ్యాడన్న గ్రంథాన్ని ఆయన 1098లో పూర్తి చేశాడు. పాపం దేవుని ఘనతను దొంగిలించింది, బాకీ తీర్చాలి అన్నంతవరకే మనం ఆయనను చదువుతాం, కోర్టు లెక్కలా. మొదటి పుస్తకం 15వ అధ్యాయం చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. పాపం దేవునికి నష్టం కలిగించజాలదు. అది పాడుచేసేది సృష్టిలోని క్రమాన్ని, ఆ క్రమంలోని సౌందర్యాన్ని. ఆ వికారాన్ని అలాగే వదిలేస్తే దేవుడు తన ఏలుబడిలో ఓడిపోయినట్టు అవుతుంది. దీనికి తెలుగులో ఉన్నంత సొంపైన మాట లాటిన్‌లో కూడా లేదని నా పక్షపాతం. చక్కని అంటే అందమైన. చక్కగా అంటే సరిగ్గా. చక్కదిద్దడం అంటే వంకర తీసి సరిచేయడం. అందం, సరితనం, సవరణ మూడూ ఒకే మాట చుట్టూ తిరుగుతాయి. ప్రాయశ్చిత్తాన్ని బాకీ తీర్చడంగా మాత్రమే విన్న విద్యార్థికి అది చక్కదిద్దడం కూడా అని చెప్పి చూడండి, ముఖం వికసిస్తుంది.

అందం మీద ఖర్చు, శ్రమ పెట్టడం తప్పా అన్న సందేహం మీకు కూడా వచ్చే ఉంటుంది. మార్కు 14లో ఒక స్త్రీ మూడు వందల దేనారాల కంటే ఎక్కువ విలువైన అత్తరును యేసు తల మీద పోసింది. కూలివాని ఇంచుమించు ఏడాది సంపాదన. బీదలకు ఇవ్వవచ్చు కదా అని పక్కనున్నవాళ్లు సణిగితే, యేసు ఆమె చేసింది "మంచి కార్యము" అన్నాడు. మూలంలో మళ్లీ ఆ కలోస్ మాటే. అందమైన పని అన్నాడని కూడా చదువుకోవచ్చు. బీదలకు మేలు చేయవద్దనలేదు. ఎప్పుడంటే అప్పుడు చేయవచ్చన్నాడు. మెదక్ చర్చి కట్టినప్పుడు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి గురించి మన పెద్దలు చెప్పుకునేది కూడా ఇలాంటిదే. కరువు కాలంలో ఆ కట్టడమే కూలీలకు పని, తిండి పెట్టిందని. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు.

ఒకసారి విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్లాను. మబ్బు పట్టిన పొద్దు. బయటి నుంచి చూస్తే ఆ పేరుపొందిన రంగు అద్దాల కిటికీలు నల్లగా, మట్టిగొట్టుకున్నట్టు ఉన్నాయి. లోపలికి వెళ్లాక కూడా అంతంతమాత్రమే. అరగంట తర్వాత ఎండ వచ్చింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాతి వారం క్లాసులో సృష్టి సౌందర్యం దేవుని సౌందర్యంలో పాలుపొందడం అంటే ఏమిటో వివరించే శ్రమ నాకు తప్పింది. రంగు అద్దానిదే, అద్దం లేకపోతే ఆ ఎరుపు, ఆ నీలం లేవు. వెలుగు మాత్రం అద్దానిది కాదు. ఆగస్టీన్ తన ఒప్పుకోళ్ల పదో పుస్తకంలో భూమినీ సముద్రాన్నీ గాలినీ దేవుడు మీరేనా అని అడుగుతాడు. మేము కాము, ఆయనే మమ్మల్ని చేశాడు అని అవి జవాబిస్తాయి. తాను వాటిని తదేకంగా చూడడమే ప్రశ్న, వాటి అందమే జవాబు అంటాడు.

ఇక మీ పక్కింటి పాట. మన దేశంలో కవులు దేవతలను పాదాల నుంచి మొదలుపెట్టి శిరస్సు దాకా వర్ణిస్తారు. అదొక మర్యాద. ఆశ్చర్యం ఏమిటంటే బైబిలు కూడా ఒక చోట అలాగే పాదాల దగ్గరే మొదలుపెడుతుంది. నిర్గమకాండము 24లో మోషే, అహరోను, నాదాబు, అబీహు, డెబ్బైమంది పెద్దలు కొండ ఎక్కి ఇశ్రాయేలు దేవుణ్ణి చూశారని ఉంటుంది. ఏం చూశారు? ఆయన పాదాల కింద నిగనిగలాడే నీలమయమైనది, ఆకాశమంత తేటగా ఉన్నది. వర్ణన అక్కడే ఆగిపోతుంది. పాదాల దాకా కూడా రాలేదు, పాదాల కింది నేల దగ్గరే ఆగింది. యెషయా 6వ అధ్యాయంలోనూ అంతే. సింహాసనం మీద ప్రభువును చూశానన్నవాడు చొక్కాయి అంచుల గురించే చెప్పగలిగాడు. మన ఆరాధనలో మీకు కనిపించిన వెలితి కవులు లేక ఏర్పడింది కాదు. చూసినవాళ్ల మాట ఆగిపోయిన చోటు అది.

మోషేకు కూడా వెనుక పార్శ్వమే కనిపించింది. నాలుగో శతాబ్దపు నిస్సా గ్రెగరీ దీనికి చెప్పిన భాష్యం నాకు చాలా ఇష్టం. ఎదురుగా వచ్చేవానికి ముఖం కనబడుతుంది, వెంబడించేవానికి వీపు కనబడుతుంది. కాబట్టి దేవుణ్ణి చూడడమంటే ఆయన ఎటు నడిపిస్తే అటు ఆయన వెంట నడవడమే. చూడాలన్న కోరిక ఎప్పటికీ తీరకపోవడమే నిజమైన దర్శనం అని కూడా ఆయన అంటాడు.

కుమారుని విషయంలో మాత్రం యోహాను సాహసించాడు. ప్రకటన 1లో తల వెంట్రుకలు, కళ్లు, పాదాలు, స్వరం, ముఖం అన్నీ చెబుతాడు. దేవుడు శరీరధారి అయ్యాడు గనుక ఆ సాహసం చెల్లింది. చెప్పి, చచ్చినవానిలా ఆయన పాదాల దగ్గర పడిపోయాడు.

పిల్లలకు ఎలా చెప్పాలని అడిగారు కదా. ఈ సిద్ధాంతమంతా వాళ్లకు వద్దు. నిర్గమకాండము 24:9 నుంచి 11 వరకు నెమ్మదిగా చదివి వినిపించండి. కాగితాలు, రంగు పెన్సిళ్లు ఇచ్చి, ఆ పెద్దలు చూసింది గీయమనండి. కాగితం అడుగున నీలం రంగు నేల గీస్తారు, చుట్టూ మనుషులను గీస్తారు, తింటూ తాగుతూ ఉన్నారని ఉంది గనుక గిన్నెలు కూడా గీస్తారు. తర్వాత పెన్సిలు ఆగుతుంది. పైభాగం ఖాళీగా వదిలేయమనండి. ఎవరైనా చెప్పాపెట్టకుండా ఆ ఖాళీలో యేసు ముఖం గీస్తే చెరపమనకండి.